పెద్దబాపు ఫోటోలో ఉన్నది కోల్‌కతాలో దొరికిన విమానమేనా?

తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా. కాదు. మీ పెద్దబాపు వెనకాల ఉన్న విమానం, కోల్‌కతాలో పదమూడేళ్లు ఎవరికీ పట్టకుండా పడున్న ఆ బోయింగ్ కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి, ఓపిక ఉంటే చదవండి.

ప్రశ్న చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జగిత్యాల తమ్ముడు ఒకరు 1984లో బేగంపేటలో తీసిన ఫోటో పెట్టారు. వాళ్ల పెద్దబాపు బొంబాయి మీదుగా దుబాయ్ పోయే రోజున తోటి ప్రయాణికుడెవరో మెట్ల దగ్గర తీసింది. వెనకాల నారింజ చారల ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం, ఒంటి మీద రిజిస్ట్రేషన్ అక్షరాలు (బండి నంబరు లాంటివి) 'వీటీ-ఈహెచ్' వరకు కనిపిస్తున్నాయి, చివరి అక్షరాన్ని ఎవరిదో భుజం ముప్పావు వంతు కప్పేసింది. 2025 నవంబర్‌లో కోల్‌కతాలో వీటీ-ఈహెచ్‌హెచ్ అనే పాత విమానం బయటపడిందని వార్త వచ్చేసరికి, వాళ్ల ఫ్యామిలీ గ్రూపులో బావ ఒకాయన 'ఇదే ఆ విమానం' అన్నాడట, చిన్నాన్న ఏమో 'వార్తల్లో రంగు వేరు, మన ఫోటోలో రంగు వేరు, ఎట్లా అవుతుంది' అన్నాడట. దాంతోపాటు ఇంకో రెండు అడిగారు: రంగు చూసి విమానాన్ని గుర్తుపట్టొచ్చా, అసలు ఇన్నిసార్లు రంగులు ఎందుకు మారుస్తారు అని.

నేను హ్యాంగర్‌లో షీట్‌మెటల్, పెయింటు పనిలో ఉండి రిటైరై ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నా. మీ చిన్నాన్న చెప్పిన జవాబు సరైనదే కానీ చెప్పిన కారణం తప్పు. మీ బావ చెప్పింది రెండు రకాలుగానూ తప్పు, చెప్తే బాధపడతాడేమో.

ముందు ఇంజన్ చూడండి. ఫోటోలో ఎడమ రెక్క కింద పెద్ద గుండ్రటి నోరు కనిపిస్తోంది కదా, అది రెక్కకు అంటుకుని లేదు, ముందుకు పొడుచుకొచ్చి వేలాడుతోంది. ఈహెచ్‌హెచ్ అనేది బోయింగ్ 737-200. ఆ రకానికి ఉండే ప్రాట్ అండ్ విట్నీ జేటీ8డీ ఇంజన్ సన్నగా, పొడుగ్గా, సిగరెట్టులా రెక్కకు కిందినుంచి అతుక్కుని ఉంటుంది, ముందుకీ వెనక్కీ రెండువైపులా బయటికి వస్తుంది. దాని వ్యాసం మీటరు పైచిలుకు, అంతే. మీ ఫోటోలో ఉన్నదాని నోట్లో మనిషి నిలబడొచ్చు. అది జీఈ కంపెనీ సీఎఫ్6 ఇంజన్, ఒక్క ఫ్యానే రెండు మీటర్లు దాటుతుంది. అప్పట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గర అంత ఇంజన్ ఉన్న విమానం ఒక్కటే రకం, ఎయిర్‌బస్ ఏ300. 737-200 పొడవు 30 మీటర్ల చిల్లర, ఏ300 పొడవు 53 మీటర్ల పైన. రెండూ ఒకే చారలు, ఒకే తోక గుర్తు వేసుకుని తిరిగేవి కాబట్టి ఫోటోలో ఒక ముక్క మాత్రమే పడితే కొత్తవాళ్లు ఇది అదనుకోవడం మామూలే.

ఇక ఆ 'ఈహెచ్' సంగతి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి 1982లో వచ్చిన 737లకి ఈహెచ్‌ఈ, ఈహెచ్‌ఎఫ్, ఈహెచ్‌జీ, ఈహెచ్‌హెచ్ అని వరసగా ఇచ్చారు. సరిగ్గా ఆ ముందున్న ఈహెచ్‌సీ, ఈహెచ్‌డీ మాత్రం ఏ300లు. అక్షరాలు విమానం రకాన్ని బట్టి ఇవ్వరు, రిజిస్ట్రేషన్ అయిన వరసలో పడుతుంటాయి, కాబట్టి 'ఈహెచ్' అని కనిపించినంత మాత్రాన బోయింగ్ అనుకోవడానికి లేదు. ఫోటోని పెద్దగా చేసి చూడండి, ఆ భుజం పక్కన చివరి అక్షరం అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది, అది వంపు తిరిగి ఉంది. హెచ్‌కి ఎక్కడా వంపు ఉండదు, అన్నీ తిన్నని గీతలే. సీకీ డీకీ వంపు ఉంటుంది. ఇంజన్ చెప్పిందీ అక్షరం చెప్పిందీ కలిశాయి కాబట్టి నాకు అనుమానం లేదు, మీ పెద్దబాపు ఎక్కింది ఈహెచ్‌సీ లేదా ఈహెచ్‌డీ.

ఇది విని ఉసూరుమనకండి. ఏ300 తక్కువదేం కాదు. 1976 నుంచి వాళ్ల దగ్గర అదే పెద్ద విమానం, లోపల రెండు నడవలు ఉండేవి. ఆ కుటుంబంలోవే రెండు విమానాలు దేశమంతా తెలిసినవి. వీటీ-ఈడీవీ 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చి, బేగంపేటలో మసక వల్ల దిగలేక పైకి లేచి, ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున దిగే పలకలు) ఇరుక్కుపోయి, వెనక్కి తిరిగి, ఇంధనం అయిపోయి తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. 262 మంది ఉంటే అందరూ బతికారు. వీటీ-ఈడీడబ్ల్యూ గురించి చెప్పక్కర్లేదు, 1999 డిసెంబర్‌లో కాందహార్‌కి హైజాక్ చేసి తీసుకుపోయింది దాన్నే. టీవీలో రోజుల తరబడి చూసిన ఆ విమానం ఒంటి మీదున్నవీ మీ ఫోటోలోని నారింజ రంగులే.

ఇప్పుడు మీ చిన్నాన్న వాదన. రంగు వేరు కాబట్టి విమానం వేరు అన్నారు. ఇది ఎంతమాత్రం నిలబడదు, అందుకు ఈహెచ్‌హెచ్ బతుకే సాక్ష్యం. 1982లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోకి వచ్చింది, అప్పుడు తెల్లటి ఒళ్లు, నారింజ చార, నారింజ తోక మీద తెల్లటి గుర్తు. బోయింగ్ వాళ్లు కొన్న కంపెనీకి ఒక కోడ్ ఇచ్చేవాళ్లు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కోడ్ ఏ8, అందుకే కాగితాల్లో ఈ విమానం 737-2ఏ8 అని ఉంటుంది, తర్వాత ఎవరి చేతికి పోయినా ఆ ఏ8 పోదు. 1998లో అలయన్స్ ఎయిర్‌కి లీజు మీద పోయింది, పేరు మారింది. 2007లో సరుకు విమానంగా మారి తిరిగొచ్చింది, సీట్లు పోయి తపాలా సంచులు ఎక్కాయి, ఇండియా పోస్ట్ పేరు మీద తిరిగింది. ఆ సర్వీసు ముఖ్యంగా కోల్‌కతా నుంచి ఈశాన్య రాష్ట్రాలకి. 2012లో పనిలోంచి తీసేసి కోల్‌కతాలో ఓ మూల నిలబెట్టారు. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది, లెక్కల పుస్తకాల్లోంచి ఈ విమానం జారిపోయింది, చివరికి ఎయిర్‌పోర్ట్ వాళ్లు 'మీ బండి తీసుకుపోండి' అంటే 'మాదా?' అనే పరిస్థితి వచ్చింది. పార్కింగ్ బిల్లే దాదాపు కోటి రూపాయలని వార్తల్లో వచ్చింది. 2025 నవంబర్‌లో లారీ మీద రోడ్డు మార్గాన బెంగళూరుకి తరలించారు, మెయింటెనెన్స్ ఇంజనీర్ల ట్రైనింగ్‌కి పనికొస్తుందని. ఎన్ని పేర్లు రాసినా, ఎన్ని రంగులు పూసినా, మొదటి రోజు నుంచి చివరి దాకా అది ఈహెచ్‌హెచ్చే.

మన కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రైలు పెట్టెకి రంగు మారుతుంది, పక్కన రాసిన నంబరు మారదు, ఆ నంబరులో మొదటి రెండు అంకెలు చూసి ఏ సంవత్సరం పెట్టెనో చెప్పేస్తారు. విమానంలో అయితే రిజిస్ట్రేషన్ కూడా మారొచ్చు, వేరే దేశానికి అమ్మితే వీటీ పోయి ఆ దేశం అక్షరాలు వస్తాయి. అప్పుడు నమ్మాల్సింది తయారీ సీరియల్ నంబరునే. నిప్పుకి కాలని రేకు మీద చెక్కి తలుపు దగ్గర బిగిస్తారు, విమానం తుక్కు అయ్యేదాకా అదే నంబరు.

రంగు చూసి మోసపోవడం సరదా సంగతి మాత్రమే కాదు. 2000 జులై 17న పట్నాలో కూలిన విమానం మీద అలయన్స్ ఎయిర్ అని ఉంది. ఆ కంపెనీ మొదలైందే 1996లో. కానీ విమానం వీటీ-ఈజీడీ, 1980 నాటి 737-200, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఏళ్ల తరబడి తిరిగినదే. కొత్త పేరు చూసి కొత్త విమానం అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ప్రమాదం తర్వాత అంతా పాత విమానాల వల్లే అని గోల చేశారు, అయితే విచారణలో తేలింది పైలట్ల పొరపాటు. కాబట్టి పాతది అన్నంత మాత్రాన చెడ్డదనీ కాదు, కొత్త రంగు వేస్తే వయసు తగ్గిందనీ కాదు.

అయితే రంగు ఎందుకూ పనికిరాదా అంటే, పనికొస్తుంది. ఏ విమానమో చెప్పదు గానీ ఎప్పటి ఫోటోనో బాగా చెప్తుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2005 డిసెంబర్‌లో పేరులోంచి ఎయిర్‌లైన్స్ తీసేసి ఒట్టి 'ఇండియన్' అయ్యింది, తోక మీదకి కోణార్క సూర్య దేవాలయం చక్రాన్ని సగం చేసి పెట్టుకున్నారు. బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో ఆగిపోయాయి, శంషాబాద్ మొదలైంది కాబట్టి. అంటే ఎవరి ఆల్బమ్‌లోనైనా బేగంపేటలో ఆ సగం చక్రం తోకతో ఫోటో ఉందంటే అది 2005 చివరికీ 2008 మార్చికీ మధ్యదే, వెనకాల తేదీ రాసి లేకపోయినా ఫర్వాలేదు. అట్లాగే చక్రాలూ చూడాలి. వాళ్లు 1989 నుంచి తెచ్చిన ఏ320లకి ఒక్కో ప్రధాన కాలుకి నాలుగు చక్రాలు ఉండేవి, ప్రపంచంలో మిగతా అందరి ఏ320లకీ రెండే. మన దగ్గర కొన్ని రన్‌వేలు అంత గట్టివి కావని బరువు పంచడానికి అట్లా చేయించుకున్నారు. రంగు ఎవరైనా కాపీ కొట్టగలరు, ఆ నాలుగు చక్రాలు మాత్రం దొరకవు.

ఇన్నిసార్లు ఎందుకు మారుస్తారంటే, సగం కారణం యజమానులు మారడం, మిగతా సగం ఎండావానా. పైన గాలిలో అతినీలలోహిత కిరణాలు గట్టిగా తగులుతాయి, ఆరేడేళ్లకి రంగు వెలిసి పొడి రాలుతుంది, ఎలాగూ పెద్ద చెకప్‌కి విమానాన్ని నిలబెట్టినప్పుడు రంగు గీకి లోపల రేకు ఎట్లా ఉందో చూడాలి. కొత్త గుర్తు, కొత్త పేరు ఏమన్నా ఉంటే అప్పుడే పెట్టేస్తారు. ఎంత తొందరపడినా అన్ని విమానాలూ ఒక్క రోజులో మారవు కాబట్టి ఏళ్ల తరబడి పాత రంగు, కొత్త రంగు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఫోటోలు చూసి కంగారుపడేవాళ్లంతా పడేది ఇక్కడే.

పాత రంగు మీదే కొత్తది పూస్తారా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఒకసారి గరుకు కాగితంతో రుద్ది పైన వేసెయ్యడం ఉంటుంది, కానీ అట్లా పొర మీద పొర పెంచుకుంటూ పోలేరు, ఎందుకంటే రంగుకి బరువుంది. ఒక బోయింగ్ 747కి ఒంటి నిండా వేసిన రంగు రమారమి 250 కిలోలు. అది రోజూ మోసుకు తిరగాలి, దానికి ఇంధనం కాలాలి. అందుకే కెమికల్ స్ట్రిప్పర్ పూసి, రంగు ఉబ్బి ముడతలు పడ్డాక ప్లాస్టిక్ పలకలతో తోసేస్తారు. ఇనుప గీకుడు వాడకూడదు, ఈ మాట కొత్త కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అల్యూమినియం రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే చోట ఒక్క సన్నటి గీత పడినా చాలు, విమానం ఎక్కినప్పుడల్లా ఒళ్లు ఉబ్బి, దిగినప్పుడల్లా ముడుచుకుని, ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది. 2000ల మొదట్లో రంగు తీసి చూసిన 737ల మీద ఇట్లాంటి గీతలు బయటపడి తనిఖీల మీద తనిఖీలు పెట్టారు.

రంగు తీశాక కడగడం, అల్యూమినియానికి కెమికల్ పట్టించడం (రేకు మీద లేత బంగారు రంగు తేలుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది), తర్వాత ప్రైమర్, తర్వాత తెలుపు, ఆ తెలుపు ఆరాక టేపులతో చారలు. జనం చార చక్కగా వచ్చిందా అని చూస్తారు, మా టెన్షన్ అంతా వేరే చోట. ఒంటి మీద గాలి ఒత్తిడి కొలిచే చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పని చేసేటప్పుడు వాటిని మూయాలి, అయిపోయాక గుర్తుపెట్టుకుని తెరవాలి. 1996 అక్టోబర్‌లో పెరూలో ఒక బోయింగ్ 757ని కడిగి ఆ రంధ్రాల మీద టేపు మరిచిపోయారు, రాత్రివేళ పైలట్లకి ఎత్తూ వేగమూ ఏదీ సరిగా తెలియక సముద్రంలో పడింది, 70 మంది పోయారు. ఇంకోటి, విమానాన్ని తిప్పే కదిలే పలకలు, అంటే తోక మీదున్న రడ్డర్, ఎలివేటర్, రెక్క చివర ఐలెరాన్, వీటికి రంగు వేశాక బ్యాలెన్స్ మళ్లీ చూడాలి. కొన్ని పొరలు ఎక్కువైనా ఆ పలక వెనకభాగం బరువెక్కి, వేగంలో అదిరే ప్రమాదం ఉంది. ముక్కు మీద రాడార్ ఉంటుంది కాబట్టి అక్కడ మందంగా వేయకూడదు, లోహం కలిసిన రంగు అసలే వద్దు.

ముదురు రంగులు ఎండకి వేడెక్కుతాయి. దీని మీద అందరికీ చెప్పే ఉదాహరణ ఒకటుంది: 1996లో పెప్సీ వాళ్ల ప్రచారానికి ఒక కాంకార్డ్‌కి నీలిరంగు వేశారు, ఆ నీలం వేడిని పట్టేస్తుందని ధ్వనికి రెండు రెట్ల వేగంలో 20 నిమిషాలకి మించి ఎగరొద్దన్నారు. డబ్బులిచ్చి వేయించుకున్న రంగు వల్ల విమానం తన పనే తను చేయలేకపోయింది. నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మన దేశంలో అందమైన రంగు ఏది అంటే నేను ఎయిర్ ఇండియా 747లనే చెప్తా. 1971లో మొదటిది 'ఎంపరర్ అశోక' వచ్చినప్పుడు ప్రతి కిటికీ చుట్టూ ఎర్రగా రాజస్థాన్ కోటల్లో ఉండే ఝరోకా (వంపు తిరిగిన కిటికీ చట్రం) గీశారు. చక్రవర్తుల పేర్లు పెట్టుకుంటూ పోయారు, అందులో మన శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నాడు, వీటీ-ఈఎఫ్‌యూ. పెయింటర్‌గా చెప్తున్నా, అన్ని కిటికీలకి అన్ని వంపులు, ఒక్కటి పక్కకి జరిగినా వరస మొత్తం వంకర కనిపిస్తుంది, అది వేసినవాళ్లకి దండం పెట్టాలి. 1989లో ఇదంతా తీసేసి ఎర్ర తోక మీద బంగారు రంగు గుర్తుతో కొత్తగా చేయబోయారు, జనానికి నచ్చక తిరిగి ఝరోకాకే వచ్చారు. రంగు మార్చి వెనక్కి తగ్గిన ఎయిర్‌లైన్స్ అరుదు. 2007లో ఇండియన్‌తో కలిశాక ఎర్ర హంస, దాని లోపల కోణార్క చక్రం. హంస ఎయిర్ ఇండియా పాత సెంటార్ (సగం మనిషి, సగం గుర్రం) గుర్తు నుంచి, చక్రం ఇండియన్ నుంచి వచ్చాయి, పెళ్లిలో రెండు వైపులవాళ్లనీ సంతోషపెట్టే భోజనం లాంటి ఏర్పాటు. 2022 జనవరిలో టాటాల చేతికి వచ్చాక 2023 ఆగస్టులో మళ్లీ మార్చారు, బంగారు కిటికీ చట్రం పైకొసని గుర్తుగా తీసుకున్నారు, ముదురు ఎరుపు, వంకాయ రంగు, బంగారం. ఆ రంగులో ఏ350ని 2024 జనవరిలో బేగంపేటలోనే వింగ్స్ ఇండియా ప్రదర్శనకి తెచ్చారు, మీలో కొందరు చూసే ఉంటారు. కిటికీల చుట్టూ వేసిన పాత పనితో పోలిస్తే నాకు ఇది కొంచెం చప్పగా అనిపించింది, కుర్రాళ్లకి నచ్చిందట, సరే.

 

మీకు ఈహెచ్‌సీయా, ఈహెచ్‌డీయా తేలాలంటే మూడు పనులు చేయండి. ప్రింటుని ఫోన్‌తో ఫోటో తీయడం కాదు, నెగెటివ్ ఉంటే దాన్ని స్టూడియోలో స్కాన్ చేయించండి. సీకి కుడివైపు ఖాళీ ఉంటుంది, డీకి కుడివైపే వంపు ఉంటుంది, భుజం ఏ వైపు కప్పిందో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. ముక్కు చక్రం తలుపు ఫోటోలో పడిందేమో చూడండి, చాలా ఎయిర్‌లైన్స్ రిజిస్ట్రేషన్ చివరి అక్షరాలు అక్కడ చిన్నగా రాస్తాయి. పెద్దబాపు పాత పాస్‌పోర్ట్ ఉంటే బొంబాయిలో వేసిన ముద్ర తేదీ నాకు పంపండి, టికెట్ ముక్క గానీ దొరికిందంటే ఐసీ (ఇండియన్ ఎయిర్‌లైన్స్ కోడ్)తో మొదలయ్యే ఫ్లైట్ నంబరు కూడా. బావకి మాత్రం ఇంజన్ సంగతే ముందు చెప్పండి, అక్షరాల సంగతి చెప్తే మళ్లీ వాదన పెట్టుకుంటాడు.